ఎలుక మెదడులో మూర్ఛ జాడ: గాబా, గ్లుటమేట్ కొలిచే ప్రాజెక్టుకు మార్గదర్శి

నా మొదటి ప్రయోగంలో ఫలితం ఎంత బాగా వచ్చిందంటే ఎవరికీ అనుమానం రాలేదు. మామూలు ఎలుకల మెదడులో, నరాల కణాలను శాంతపరిచే గాబా అనే రసాయనం ఎక్కువ, ఫిట్స్ తెప్పించిన ఎలుకల్లో తక్కువ. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. కొన్నాళ్ల తర్వాత నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. ఆ రోజు పొద్దున నేను ముందు పట్టుకున్నది మామూలు ఎలుకలను. అప్పటికి నాకు చెయ్యి తిరగలేదు. పుర్రె విప్పి మెదడు తీయడానికి ఒక్కోదానికి ఆరేడు నిమిషాలు పట్టింది. మధ్యాహ్నం ఫిట్స్ గుంపు వంతు వచ్చేసరికి రెండు నిమిషాల్లోపే తీసేస్తున్నాను.

ప్రాణం పోయాక కూడా మెదడులో గాబాను తయారుచేసే ఎంజైము కాసేపు పని చేస్తూనే ఉంటుంది. గాబాను ఖర్చు చేసే దారి మాత్రం ఆక్సిజన్ అందక మూసుకుపోతుంది. అందుకే ఆలస్యమైన కొద్దీ గాబా పెరుగుతుంది. గుంపులను కలగలిపి మళ్లీ చేస్తే, నేను అంత సంబరపడిన తేడాలో సగానికి పైగా ఎగిరిపోయింది. అది నా కత్తెర వేగంలో ఉన్న తేడా.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఎం.ఫార్మసీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ చదువుతూ మూర్ఛ మీద ఎలుకల ప్రాజెక్టు పెట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మెషీన్ గురించి తక్కువ, గడియారం గురించి ఎక్కువ చెబుతాను.

ముందుగా కాస్త రసాయనం

గ్లుటమేట్ నరాల కణాన్ని ఉసిగొల్పుతుంది, గాబా ఆపుతుంది. తమాషా ఏమిటంటే గాబా పుట్టేది గ్లుటమేట్ నుంచే. ఆ పని చేసే ఎంజైము పేరు గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్, దానికి విటమిన్ బి6 తోడు కావాలి. టీబీకి వాడే ఐసోనియాజిడ్ మోతాదు బాగా మించితే ఫిట్స్ వస్తాయి. కారణం ఇదే: అది బి6కు అడ్డుపడుతుంది, గాబా తయారీ పడిపోతుంది. అలా వచ్చిన ఫిట్స్‌కు విరుగుడుగా డాక్టర్లు ఇచ్చేది పైరిడాక్సిన్, అంటే బి6.

నరాల కణాల మధ్య కబురు మోసే ఇలాంటి రసాయనాలనే న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. వీటితో పాటు సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్, డోపమిన్, ఎసిటైల్‌కోలిన్ కూడా ఈ కథలో ఉన్నాయి. అడినోసిన్‌ను చాలామంది మర్చిపోతారు. ఫిట్ మొదలవగానే మెదడులో అడినోసిన్ ఎగబాకుతుంది, ఫిట్‌ను ఆపే పనిలో దానికి పెద్ద వాటా ఉంది. మన దగ్గర ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళంచెవి పెట్టడం ఇంకా పోలేదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి, పేరు తాళంచెవికి వస్తుంది. మీలో చాలామంది మూర్ఛకు మందుగా పరీక్షించే మొక్కల కషాయానికి కూడా అలా ఉత్తపుణ్యాన పేరు రాకుండా చూసుకోవడం ఎలాగన్నది కింద వస్తుంది.

అడుగు 1: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

'మూర్ఛలో న్యూరోట్రాన్స్‌మిటర్ల మార్పులు' అన్నది ప్రశ్న కాదు, అధ్యాయం పేరు. మార్పు అనగానే మూడు అర్థాలు వస్తాయి. ఫిట్స్ రావడానికి కారణమైన మార్పు ఒకటి, ఫిట్ వచ్చినందువల్ల జరిగిన మార్పు మరొకటి. మూడోది, మెదడు తనను తాను కాపాడుకోవడానికి చేసుకున్న మార్పు. న్యూరోపెప్టైడ్ వై అనే మెదడు రసాయనం ఈ మూడో రకానికి మంచి ఉదాహరణ. ఫిట్స్ తర్వాత హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో అది పెరుగుతుంది, పెరిగి గ్లుటమేట్ విడుదలను తగ్గిస్తుంది. పెరిగింది కదా అని దాన్ని దోషిగా రాస్తే కథ తలకిందులవుతుంది.

కాబట్టి ప్రశ్నలో సమయం ఉండాలి. 'కిండ్లింగ్ పూర్తయిన ఎలుకలో, చివరి ఫిట్ అయ్యాక 24 గంటలకు, హిప్పోక్యాంపస్‌లో గాబా, గ్లుటమేట్ ఎంత ఉన్నాయి?' (కిండ్లింగ్ అంటే మెదడును పదేపదే కొద్దిగా రెచ్చగొట్టి ఫిట్స్‌కు అలవాటు చేయడం.) ఇలా రాస్తే తర్వాతి అడుగులన్నీ తేలికవుతాయి.

అడుగు 2: మోడల్ ఎంచుకోండి

ఎలక్ట్రోషాక్ మోడల్‌తో 1938లో మెరిట్, పుట్నమ్ పిల్లుల మీద పని చేసి మూర్ఛ మందు ఫెనిటాయిన్ గుణాన్ని పట్టుకున్నారు. కంటికో చెవికో కరెంటు ఇచ్చి, వెనక కాళ్లు బిర్రబిగుసుకోవడాన్ని మందు ఆపుతుందా అని చూస్తారు. పెంటిలీన్‌టెట్రజోల్‌ను మన ల్యాబుల్లో అందరూ పీటీజెడ్ అంటారు. అది గాబా-ఎ రిసెప్టర్‌లో (గాబా వచ్చి పని చేసే కణం మీది ప్రొటీన్) పిక్రోటాక్సిన్ అనే విషం అతుక్కునే చోటును పట్టుకుని గాబాకు అడ్డుపడుతుంది. ఎథోసుక్సిమైడ్ అనే మూర్ఛ మందు పీటీజెడ్‌లో పని చేస్తుంది, ఎలక్ట్రోషాక్‌లో చేయదు. ఫెనిటాయిన్ దీనికి సరిగ్గా రివర్స్.

ఈ రెండు పరీక్షలూ ఫెయిలయిన మూర్ఛ మందు లెవెటిరాసెటమ్ ఇప్పుడు ఏ మెడికల్ షాపులో అడిగినా దొరుకుతుంది. కిండ్లింగ్ చేసిన జంతువుల్లో మాత్రం అది పని చేసింది. అది అతుక్కునే ఎస్‌వీ2ఎ అనే ప్రొటీన్ సంగతి 2004లో గానీ తేలలేదు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఒక్కసారి ఫిట్ తెప్పించడం వేరు, ఫిట్స్‌కు అలవాటు పడిన మెదడు వేరు. మీరు చూడాలనుకుంటున్నది మెదడు రసాయనం మారిన తీరు కాబట్టి, ఒక్కరోజు ప్రయోగంతో సరిపెట్టుకోకండి.

అలవాటు పడిన మెదడు కోసం దారులు మూడు.

పీటీజెడ్ కిండ్లింగ్: ఫిట్ తెప్పించనంత చిన్న మోతాదును రోజు విడిచి రోజు ఇస్తూ పోతే, అదే మోతాదుకు కొన్ని వారాల్లో పూర్తి ఫిట్ వస్తుంది. 1960ల్లో గొడార్డ్ కరెంటుతో చూపించిన కిండ్లింగ్‌కు ఇది రసాయన రూపం. మన దగ్గరున్న వసతుల్లో అందుబాటులో ఉండేది ఇదే.

లిథియం-పైలోకార్పిన్: ముందురోజు లిథియం క్లోరైడ్, మర్నాడు పైలోకార్పిన్. ఎలుక ఆగకుండా ఫిట్స్‌లోకి పోతుంది, డయాజెపామ్‌తో ఆపాలి. తర్వాత కొన్నాళ్లు ఏమీ ఉండదు, ఆపైన ఫిట్స్ వాటంతట అవే రావడం మొదలవుతుంది. మనుషుల టెంపొరల్ లోబ్ మూర్ఛకు దగ్గరగా ఉండేది ఇదే. కానీ చాలా ఎలుకలు చనిపోతాయి. బతికినవాటికి చర్మం కింద సెలైన్, మెత్తని తిండి, రాత్రంతా మనిషి కావాలి. రాత్రి యానిమల్ హౌస్‌కు తాళం పడే చోట దీని జోలికి పోవద్దు.

కైనిక్ ఆసిడ్: జపాన్‌లో నులిపురుగులకు మందుగా వాడిన, సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి వచ్చింది. మంచి మోడలే, ఖరీదెక్కువ.

ఇక్కడి నుంచి పీటీజెడ్ కిండ్లింగ్ పట్టుకుని పోదాం.

అడుగు 3: అనుమతి, క్యాలెండర్

కాలేజీలోని జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీకి ఫారం బి పెట్టండి. పైన ఉండే కేంద్ర కమిటీని ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అంటున్నారు, పాత కాగితాల్లో సీపీసీఎస్‌ఈఏ అని ఉంటుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందే ఇదంతా. అనుమతి కాగితం చేతికి రాకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోవద్దు. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, ఏ దశలో ప్రయోగం ఆపి జంతువుకు బాధ తప్పిస్తారు అన్నవి స్పష్టంగా రాయండి. కిండ్లింగ్‌లో కొన్ని చనిపోతాయి, కొన్నింటికి ఎన్ని ఇంజెక్షన్లిచ్చినా ఫిట్ రాదు. ఆ రెండింటికీ లెక్క వేసే సంఖ్య అడగండి.

తర్వాత గోడ క్యాలెండర్ ముందు కూర్చోండి. రోజు విడిచి రోజు ఇంజెక్షన్ అంటే ఆదివారం ఉండదు, బతుకమ్మ ఉండదు. మేడారం జాతర ఏడాది అయితే ఆ వారం బస్సులన్నీ ములుగు దారే పడతాయి. ల్యాబ్‌కు రావడమే గగనం. రెండు ఇంజెక్షన్లు తప్పాయంటే ఆ గుంపును ఇక నమ్మలేం. దసరా సెలవులు అయిపోయిన మర్నాడు మొదలుపెడితే సంక్రాంతి లోపు హాయిగా అయిపోతుంది. ఏప్రిల్, మే వద్దు. యానిమల్ హౌస్‌లో 22 డిగ్రీలకు కాస్త అటూఇటూ ఉండాలి, బయట 43 దాటుతుంటే ఏసీ ఒక్క మధ్యాహ్నం ఆగినా ఎలుకల తీరు మారిపోతుంది. వేడికి ఫిట్ వచ్చే గీత కూడా కిందికి దిగుతుంది.

అడుగు 4: గుంపులు

ఎక్కువ థీసిస్‌లు దెబ్బతినేది ఇక్కడే. మామూలుగా కనిపించే అమరిక: సెలైన్ గుంపు, పీటీజెడ్ గుంపు, పీటీజెడ్‌తో పాటు వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు, పీటీజెడ్‌తో పాటు మన కషాయం రెండు మోతాదుల్లో. చివర్లో కషాయం గుంపులో గ్లూటాథయోన్ (కణాన్ని కాపాడే యాంటీఆక్సిడెంట్) తగ్గలేదు, ఎండీఏ (కణంలో కొవ్వు చెడిందని చూపే గుర్తు) పెరగలేదు, 'యాంటీఆక్సిడెంట్ గుణం వల్ల మూర్ఛ తగ్గింది' అని ముగింపు.

ఫిట్స్ రాని ఎలుక మెదడులో ఎండీఏ ఎందుకు పెరుగుతుంది? పొయ్యి వెలగని ఇంట్లో పొగ లేదని చెప్పినట్టుంది. మందు ఫిట్‌ను ఏ దారిలో ఆపినా సరే, ఫిట్ వల్ల వచ్చే మార్పులన్నీ ఎలాగూ రావు. పిండిచేసిన నిద్రమాత్ర ఇచ్చినా ఇదే ఫలితం వస్తుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, కిండ్లింగ్ పూర్తయ్యాక మందు మొదలుపెట్టడం. అప్పుడు పాత మార్పు వెనక్కి వస్తుందా అన్నది తెలుస్తుంది. రెండు, ఒక్కసారి మాత్రమే ఫిట్ తెప్పించిన గుంపును అదనంగా పెట్టుకోవడం. అన్ని వారాలూ సెలైన్ తీసుకుని చివరి రోజు ఒక్క పెద్ద మోతాదు పీటీజెడ్ తీసుకున్న ఎలుకలు ఇవి. వీటిలోనూ, కిండ్లింగ్ ఎలుకల్లోనూ ఒకే మార్పు కనిపిస్తే అది ఆ రోజు ఫిట్ చేసిన పని. కిండ్లింగ్ ఎలుకల్లో మాత్రమే కనిపిస్తే అప్పుడు వారాల తరబడి పేరుకున్న మార్పు గురించి మాట్లాడవచ్చు. నా మటుకు ఈ గుంపు లేని థీసిస్‌కు సంతకం పెట్టడానికి చెయ్యి రాదు.

వాల్‌ప్రోయేట్ గురించి ఒక మాట. అది తనంతట తానే మెదడులో గాబాను పెంచుతుంది. ఆ గుంపులో గాబా ఎక్కువ ఉంటే జబ్బు నయమైనట్టు రాయకండి.

అడుగు 5: ఇంజెక్షన్, స్కోరు

విస్టార్ మగ ఎలుకలకు ఎక్కువగా వాడే మోతాదు కిలోకు 35 మి.గ్రా., పొట్టలోకి. 200 గ్రాముల ఎలుకకు 7 మి.గ్రా. అవుతుంది. మిల్లీలీటరుకు 14 మి.గ్రా. ఉండేలా సెలైన్‌లో కలుపుకుంటే అర మిల్లీలీటరు పడుతుంది. ఏ రోజుది ఆ రోజే కలపండి. ప్రతిసారీ బరువు చూడండి. మొదటి రోజు 200 ఉన్న ఎలుక నెల తిరిగేసరికి 260 ఉంటుంది, పాత లెక్కతో ఇస్తే మోతాదు తగ్గిపోయి 'ఈ ఎలుకకు కిండ్లింగ్ కావడం లేదు సార్' అని వస్తారు. ఇంజెక్షన్ వేళ కూడా మారకూడదు. పొద్దున తొమ్మిదిన్నర అంటే చివరిదాకా తొమ్మిదిన్నరే.

ఇంజెక్షన్ తర్వాత అరగంట చూడాలి. రసీన్ 1972లో ఇచ్చిన స్కోరు అమిగ్డలా అనే మెదడు భాగానికి కరెంటు ఇచ్చి చేసే కిండ్లింగ్ కోసం చేసింది. పీటీజెడ్‌కు కాస్త మార్చిన రూపం వాడతారు. స్థూలంగా: ఏమీ లేకపోతే 0, చెవులు, ముఖం అదిరితే 1, ఒళ్లు ఉలిక్కిపడితే 2, ముందు కాళ్లు కొట్టుకుంటే 3, ఒళ్లంతా కొట్టుకుంటూ పక్కకు ఒరిగితే 4, ఆపైన బిగుసుకుపోతే 5. ఏ రూపం వాడారో థీసిస్‌లో పూర్తిగా రాయండి.

ఒకసారి ఇద్దరు పిల్లలు ఒకే ఎలుకకు రెండు స్కోర్లు రాసుకొచ్చారు.

'సార్, అది లేచి నిలబడి ముందు కాళ్లు కొట్టుకున్నది, మూడు వేసిన.'

'లేదు సార్, ఊకెనే గోడకు చేతులు పెట్టి వాసన చూసింది. సున్నానే.'

ఫోన్‌లో వీడియో ఉంది కాబట్టి బతికిపోయాం. నెమ్మదిగా తిప్పి చూస్తే ముందు కాళ్లు లయగా కొట్టుకోవడం లేదు, ఒట్టి కుతూహలం. అప్పటినుంచి ప్రతి పంజరం ముందూ ఫోన్ స్టాండు. ఏ ఎలుక ఏ గుంపుదో తెలియని మూడో మనిషి వీడియో చూసి స్కోరు వేస్తాడు. వరుసగా మూడుసార్లు 4 గానీ 5 గానీ వస్తే కిండ్లింగ్ అయినట్టు లెక్క. చాలావాటికి పది నుంచి పదిహేను ఇంజెక్షన్ల లోపు అవుతుంది.

అడుగు 6: మెదడు తీసే రోజు

ముందురోజు రాత్రే చీటీలు వేసి ఎలుకల వరుస తేల్చండి. ఒక సెలైన్, ఒక కిండ్లింగ్, ఒక మందు ఇలా కలిసిపోయి రావాలి. నేను పడ్డ గుంతలో మీరు పడకుండా ఉండటానికి ఇదొక్కటే దారి. అంతకుముందు వారం, వేరే అనుమతి పొందిన ప్రయోగాల్లో మిగిలిపోయిన ఎలుకల మీద చెయ్యి తిప్పుకోండి. మెదడు బయటికి రావడానికి తొంభై సెకన్లకు మించకూడదు.

మత్తుమందు కూడా ఈ లెక్కలో భాగమే. కెటమిన్ గ్లుటమేట్‌కు చెందిన ఎన్ఎండీఏ రిసెప్టర్‌ను మూస్తుంది, థయోపెంటోన్ గాబా-ఎ మీద పని చేస్తుంది, ఐసోఫ్లురేన్‌ది కూడా గాబా దారే. మీరు కొలవబోయే వ్యవస్థనే అవి తాకుతున్నాయి. కమిటీ ఒప్పుకున్న పద్ధతి ఏదైనా అన్ని గుంపులకూ అదే, అంతే మోతాదు, అంతే సమయం.

బల్ల మీద ఇలా ఉంటుంది. థర్మాకోల్ డబ్బా నిండా దంచిన ఐస్, దాని మీద బోర్లించిన గాజు పెట్రీ డిష్, దాని మీద చల్లని సెలైన్‌తో తడిపిన ఫిల్టర్ పేపర్. మెదడును దాని మీద పెట్టి మధ్యకు రెండు అర్ధభాగాలుగా చీల్చండి. కార్టెక్స్‌ను, అంటే మెదడు పై పొరను, మొద్దు చెంచాతో పక్కకు ఒత్తితే దాని కింద ముత్యంలా మెరుస్తూ, వంపు తిరిగిన జీడిపప్పులా హిప్పోక్యాంపస్ కనిపిస్తుంది. కొస దగ్గర చెంచా దూర్చి దొర్లించినట్టు లేపితే మొత్తం ఊడి వస్తుంది. లాగొద్దు, తెగుతుంది. రెండు వైపులదీ కలిపితే వంద మిల్లీగ్రాములకు కాస్త పైన. ముందే తూకం వేసి నంబరు రాసిన ట్యూబులో వేసి వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లోకి దించండి. పశుసంవర్ధక శాఖ వాళ్లు ఎద్దు వీర్యం దాచేది కూడా ఇందులోనే కాబట్టి ఈ జిల్లాల్లో అది దొరకని వస్తువేమీ కాదు. ట్యూబు మీద పెన్సిల్‌తోనో ఆల్కహాల్‌కు చెరగని పెన్నుతోనో రాయండి.

నోట్‌బుక్‌లో ప్రతి ఎలుకకూ మూడు గడులు ఉండాలి: చివరి ఫిట్ ఏ టైముకు, ప్రాణం పోయింది ఏ టైముకు, ట్యూబు నైట్రోజన్‌లో పడింది ఏ టైముకు. సెకన్లతో సహా.

ఎసిటైల్‌కోలిన్ కొలుద్దామనుకుంటే ఈ వేగం కూడా చాలదు, అది సెకన్లలో విరిగిపోతుంది. దాని బదులు దాన్ని విరిచే ఎంజైమును ఎల్‌మన్ పద్ధతిలో 412 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఫార్మలిన్‌లో వేసిన మెదడు గాబాకు పనికిరాదు. సెక్షన్లు కూడా కావాలంటే వాటికి వేరే ఎలుకలను కేటాయించండి.

అడుగు 7: కొలత

సెరటోనిన్, డోపమిన్, నార్‌ఎడ్రినలిన్ కోసం 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ ఆసిడ్‌లో, ఐస్ మీదే రుబ్బండి. అందులో కాస్త ఈడీటీఏ, మెటాబైసల్ఫైట్ ఉంటే అవి గాలికి చెడిపోవు. నాలుగు డిగ్రీల్లో సెంట్రిఫ్యూజ్ తిప్పి పైతేటను తీసుకుని ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్ ఉన్న హెచ్‌పీఎల్‌సీకి (రసాయనాలను విడదీసి కొలిచే మెషీన్) ఇస్తారు. రుబ్బే ముందే ఇంటర్నల్ స్టాండర్డ్ కలపాలి, చివర్లో కలిపితే మధ్యలో పోయింది ఎంతో తెలియదు.

గాబా, గ్లుటమేట్‌కు సొంతంగా వెలుగు లేదు. ఓపీఏ అనే రసాయనంతో కలిపి మెరిసేలా చేస్తారు. ఆ మెరుపు నిలవదు, గాబాది మరీ త్వరగా వాడిపోతుంది. చేత్తో కలిపేవాళ్లు స్టాప్‌వాచ్ పెట్టుకుని, కలిపిన రెండో నిమిషంలో ఇంజెక్ట్ చేయాలనుకుంటే ప్రతి శాంపిల్‌కూ రెండో నిమిషంలోనే చేయాలి. మధ్యలో ఫోన్ ఎత్తితే ఆ శాంపిల్ పోయినట్టే.

హెచ్‌పీఎల్‌సీ కోసం హైదరాబాద్ పంపాల్సి వస్తే డ్రై ఐస్ వాడండి. మామూలు ఐస్ మీద పంపిన నా శాంపిల్స్ ఒక ఎండాకాలం, బయటి ల్యాబ్ కౌంటర్ మీద సాయంత్రం దాకా నీళ్లలో తేలాయి. డ్రై ఐస్ డబ్బా మూతకు టేపు బిగించి చుట్టొద్దు, గ్యాస్ పోవడానికి సందు ఉండాలి. కారులో తీసుకెళ్తే అద్దం కొంచెం దించండి.

ఎండీఏ 532 దగ్గర, గ్లూటాథయోన్ 412 దగ్గర, ఇవి ఏ స్పెక్ట్రోఫోటోమీటర్‌లోనైనా అవుతాయి. కొలవండి, కానీ థీసిస్‌ను వాటి మీద నిలబెట్టొద్దు. పక్షవాతంలో, షుగర్‌లో, పురుగుమందుల విషంలో కూడా అవే అటూఇటూ అవుతాయి. మూర్ఛ గురించి ప్రత్యేకంగా చెప్పేది తక్కువ.

అడుగు 8: అంకెలు చదవడం

రుబ్బిన మెదడులో కనిపించే గ్లుటమేట్‌లో ఎక్కువ భాగం కణాల లోపలిది. కణం రోజువారీ బతుకుతెరువుకు వాడుకునేది. గ్రాము మెదడుకు సుమారు 10 మైక్రోమోల్స్ ఉంటుంది. కణాల మధ్య ద్రవంలో తేలే గ్లుటమేట్ దీనికి వేల వంతుల తక్కువ. ఫిట్‌కు కారణమయ్యేది ఆ బయటిదే. బస్తాలోని బియ్యం తూచి, అన్నం ఎంత వడ్డించారో చెప్పలేం కదా. ఆ బయటిదాన్ని చూడాలంటే బతికున్న జంతువు మెదడులోకి సన్నని గొట్టం దించి మైక్రోడయాలిసిస్ చేయాలి. 1993లో డ్యూరింగ్, స్పెన్సర్ ఈ పద్ధతిలోనే మనుషుల హిప్పోక్యాంపస్‌లో ఫిట్‌కు ముందే గ్లుటమేట్ పెరగడం చూపించారు. మీ దగ్గర ఆ వసతి లేకపోతే నష్టమేమీ లేదు, 'సినాప్స్‌లో (రెండు నరాల కణాలు కలిసే చోట) గ్లుటమేట్ పెరిగింది' అన్న మాట మాత్రం వాడకండి.

గాబా మామూలుగానే ఉంటే ప్రయోగం చెడిందని టెన్షన్ పడొద్దు. మార్పు గాబా పరిమాణంలో ఉండక్కర్లేదు. పైలోకార్పిన్ ఎలుకల హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే భాగం కణాల్లో గాబా-ఎ రిసెప్టర్ కూర్పే మారుతుంది. ఆల్ఫా-1 ముక్క తగ్గి ఆల్ఫా-4 పెరుగుతుంది. కణంలో క్లోరైడ్‌ను బయటికి తోసే కేసీసీ2 అనే ప్రొటీన్ తగ్గితే, అదే గాబా ఆపాల్సింది పోయి ఉసిగొల్పుతుంది. తాళం మారాక తాళంచెవులు ఎన్ని ఉన్నాయని లెక్కపెడితే ఏం లాభం?

స్టాటిస్టిక్స్‌లో లెక్కకు వచ్చేది ఎలుక ఒక్కటే. ఒక ఎలుక రెండు హిప్పోక్యాంపస్‌లు, మూడు రీడింగులు కలిపి ఆరు అనుకుంటే పి విలువ అందంగా వస్తుంది, వైవాలో పట్టుబడతారు. మధ్యలో చనిపోయినవాటిని, కిండ్లింగ్ కానివాటిని పట్టికలో చూపించండి. ప్రతి ఎలుకనూ ఒక చుక్కగా గ్రాఫ్‌లో వేయండి. నైట్రోజన్‌లో పడటానికి పట్టిన సెకన్లు ఒక అక్షం మీద, గాబా ఇంకో అక్షం మీద వేసి కూడా ఒకసారి చూసుకోండి. చుక్కలు ఒక గీతలా పైకి పోతుంటే ఆగి ఆలోచించాల్సిందే.

'కషాయం గాబాను పెంచి మూర్ఛను నయం చేసింది' అని రాసి ఉంటే కొట్టేసి, ఇలా రాయండి: 'కిండ్లింగ్ పూర్తయ్యాక రెండు వారాలు కషాయం ఇచ్చిన ఎలుకల్లో, చివరి ఫిట్ అయిన 24 గంటలకు, హిప్పోక్యాంపస్ మొత్తం కణజాలంలోని గాబా, కషాయం ఇవ్వని కిండ్లింగ్ ఎలుకల కన్నా ఎక్కువగా ఉంది. ఒక్క ఫిట్ మాత్రమే వచ్చిన గుంపులో ఈ తేడా కనిపించలేదు.' మీ గైడ్‌కు మొదటి వాక్యమే నచ్చవచ్చు. అప్పుడు ఆ చుక్కల గ్రాఫ్, మూడు గడుల నోట్‌బుక్ ఆయన బల్ల మీద పెట్టండి.